బత్తాయి తోటలో రెక్కల పురుగులు: రెక్కలు చూసి జాతిని ఎలా గుర్తుపట్టాలి?

నమస్తే అండీ. మీ ప్రశ్న చదివాను, నాలుగు ఫొటోలూ పెద్దవి చేసి చూశాను. నల్గొండ దగ్గర మీ నాన్నగారి బత్తాయి తోటలో కాయలకు సూదితో పొడిచినట్టు చిల్లులు పడుతున్నాయని, వాటి చుట్టూ మెత్తబడి కాయ రాలిపోతోందని రాశారు. రాత్రి టార్చి వేసి చూస్తే కాయల మీదా, మోటారు గది బల్బు దగ్గరా రకరకాల రెక్కల పురుగులు (ఇంగ్లిష్‌లో మాత్ అంటారే, అవి) కనిపించాయి. ఫోనులో ఫొటో పెట్టి వెతికితే ఒకే పురుగుకు మూడుసార్లు మూడు పేర్లు వచ్చాయి. రెక్కలు చూసి జాతి చెప్పడం అసలు కుదిరే పనేనా, కుదిరితే ఏమేం చూడాలి అని అడిగారు.

కుదురుతుంది. కాకపోతే అన్ని పురుగులకూ కుదరదు, ఒక్క ఫొటోతో అసలే కుదరదు.

ముందు మీ ఫొటోల సంగతి. మూడో ఫొటోలో ఉన్నది కాయల రసం పీల్చే యూడోసిమా మాటెర్నా. ఇందులో నాకు సందేహం లేదు. రెండో ఫొటోలోది ఆముదం మీద వచ్చే దాసరి పురుగు తాలూకు రెక్కల పురుగు, దాని పేరు అకియా జనాటా. మొదటి ఫొటోలోది యూడోసిమా ప్రజాతి అన్నంతవరకు చెప్పగలను, అందులో మాటెర్నా జాతో ఫలోనియా జాతో చెప్పలేను. నాలుగోది జియోమెట్రిడ్ కుటుంబానిది. అంతకు మించి ఆ ఫొటో చూసి ఎవరు ఏ పేరు చెప్పినా ఊహే. రెండు జాతి దాకా వెళ్లాయి, ఒకటి మధ్యలో ఆగింది, ఒకటి కుటుంబం దగ్గరే ఆగిపోయింది. ఎందుకలా అన్నదే మీ ప్రశ్నకు అసలు జవాబు.

నేను ఇరవై ఏళ్లకు పైగా దీపపు ఎరల దగ్గర కూర్చున్నవాణ్ని. మొదట అనంతపురం వైపు వేరుశనగ చేలల్లో, తర్వాత వరి, మొక్కజొన్న, తోటలు. పుస్తకంలో బొమ్మ పక్కన పురుగును పెట్టి రంగు పోల్చడంతోనే అందరిలాగా నేనూ మొదలుపెట్టాను. ఆ పద్ధతి ఎంత తప్పుదారి పట్టిస్తుందో తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆ ఏళ్లు మీకు మిగలాలని ఇంత వివరంగా రాస్తున్నాను.

రెక్కల పురుగుకు నాలుగు రెక్కలు. వాలినప్పుడు చాలా జాతులు ముందు రెక్కలతో వెనుక రెక్కలను కప్పేస్తాయి. పగలంతా పిట్టల కంటా బల్లుల కంటా పడకుండా గడపాలి కాబట్టి ఆ పై రెక్క ఎండుటాకులాగో, చెట్టు బెరడులాగో, పాకుడు పట్టిన రాయిలాగో ఉంటుంది. ఎండుటాకులా కనబడాల్సిన అవసరం ఒక్క జాతిది కాదు, వందల జాతులది. అందుకే ఏ చుట్టరికమూ లేని పురుగుల పై రెక్కలు కూడా అన్నదమ్ముల్లా పోలి ఉంటాయి. పైగా ఒకే జాతిలో ముదురు గోధుమ, బూడిద, పచ్చటి ఛాయ అన్నీ కనిపిస్తాయి. యూడోసిమాలలో అయితే మగదాని ముందు రెక్క ఒక తీరు, ఆడదానిది ఇంకో తీరు. మీ ఫోనుకు మీరు చూపించింది ఆ కప్పుకున్న రెక్క ఒక్కటే. అది ఎండుటాకులను చూసి పేర్లు చెప్పింది, అంతే.

వెనుక రెక్క కథ వేరు. పగలంతా అది దాగి ఉంటుంది. ప్రమాదం దగ్గరికి వచ్చినప్పుడు పురుగు ముందు రెక్కలను ఒక్కసారి విప్పి, లోపలున్న పసుపో నారింజో ఎరుపో మెరిపించి, శత్రువు అదిరిపడే లోపు తప్పించుకుంటుంది. దాక్కోవాల్సిన పని లేని రెక్క కాబట్టి దాని మీది గుర్తులు చాలా జాతుల్లో స్పష్టంగా, స్థిరంగా ఉంటాయి. మీ మూడో ఫొటోలో పురుగు ఎగరబోతూ రెక్క కొంచెం ఎత్తింది. నారింజ రంగు వెనుక రెక్క, మధ్యలో గుండ్రటి నల్ల చుక్క, అంచున నల్లటి పట్టీ కనిపించాయి. గుండ్రటి చుక్క మాటెర్నాది. ఫలోనియాకూ నారింజ రెక్కే, నల్ల అంచే, కానీ మధ్యలో చుక్క బదులు కామా లాగానో కిడ్నీ లాగానో వంపు తిరిగిన పెద్ద నల్ల మచ్చ ఉంటుంది. ఈ తేడా టార్చి వెలుగులో కూడా తెలిసిపోతుంది. మొదటి ఫొటోలో ఆ రెక్క కనబడలేదు, కాబట్టి నేనూ ఆగిపోయాను.

మీ రెండో ఫొటోలోని దాసరి పురుగుకూ ఇదే వర్తిస్తుంది. దాని ముందు రెక్క బూడిద గోధుమ రంగులో ఏ ప్రత్యేకతా లేకుండా ఉంటుంది, ఒక్కోదానికి ఒక్కో ఛాయ. వెనుక రెక్క మాత్రం నల్లగా ఉండి, మధ్యలో తెల్లటి పట్టీ, బయటి అంచు వెంట మూడు తెల్ల మచ్చలు. ఆ మూడు మచ్చలు ఒకసారి చూసినవారు మళ్లీ పొరబడరు.

వెనుక రెక్క వల్ల తేలే ఇంకో జంట గురించి చెబుతాను, ఎందుకంటే ఇది మన ఊళ్లలో మనుషులను భయపెడుతుంది. వీపు మీద పుర్రె బొమ్మలాంటి గుర్తున్న పెద్ద పురుగు ఇంట్లోకి వచ్చిందని, పట్టుకుంటే ఎలుకలా కీచుమన్నదని, ఇంటికి అరిష్టమా అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. అది నువ్వు చేలల్లో పెరిగే అకెరాన్షియా. తేనె కోసం తేనెపట్టుల్లో దూరుతుంది, మనిషికి ఏ హానీ చేయదు. మన దగ్గర రెండు జాతులున్నాయి, స్టిక్స్, లాకెసిస్. రెంటికీ పుర్రె ఉంటుంది కాబట్టి పుర్రె చూసి జాతి చెప్పలేం. వెనుక రెక్క మొదలు దగ్గర పెద్ద నల్ల మచ్చ ఉంటే లాకెసిస్, అక్కడ పసుపే ఉంటే స్టిక్స్. దయచేసి వాటిని చంపకండి.

అయితే నేను పురుగును చూడగానే వెనుక రెక్క ఎత్తి చూడను. ముందు ఆగి, అది ఎలా వాలి ఉందో చూస్తాను. ఇది పాత పంచె మీద, గోడ మీద, ఎక్కడైనా ఉచితంగా దొరికే సమాచారం. పట్టుకున్న మరుక్షణం పోతుంది కాబట్టి మొదటి ఫొటో ముట్టుకోకముందే తీయాలి.

రెక్కలు నాలుగూ గోడకు బల్లపరుపుగా అతికించినట్టు పరిచి, సన్నని ఒంటితో ఉంటే అది చాలావరకు జియోమెట్రిడ్. ముందు రెక్క మీది గీత ఆగకుండా వెనుక రెక్క మీదికి సాగిపోతుంది, నాలుగు రెక్కలూ కలిపి ఒకే గుడ్డ మీద ముగ్గు వేసినట్టు. మీ నాలుగో ఫొటోలో అదే చూశాను. ఇంటి పైకప్పులా రెండు వాలుగా రెక్కలు దించి, బలిసిన ఒంటితో ఉంటే నాక్టుయిడ్ల కుటుంబం, దాని చుట్టాలు. శనగపచ్చ పురుగు, పొగాకు లద్దె పురుగు ఇక్కడే వస్తాయి. రెక్కలు వెనక్కి వాల్చి జెట్ విమానంలా, నూలుకండె లాంటి ఒంటితో ఉంటే స్ఫింజిడ్లు. బీడీ చుట్టినట్టు రెక్కలు ఒంటికి చుట్టుకుని గడ్డిపోచ మీద కూర్చుంటే గడ్డి జాతుల మీద బతికే క్రాంబిడ్‌లలో వెతకాలి. నిలువు కర్రకు అడ్డకర్ర కట్టినట్టు, ఒక్కో పక్క ఒక్క పుల్లలా రెక్కలు చాపి ఉంటే ఈకరెక్కల పురుగు. కంది కాయల మీద వచ్చే ఎక్సెలాస్టిస్ అటోమోసా దానికి చక్కటి ఉదాహరణ. దాని ముందు రెక్క రెండుగా, వెనుక రెక్క మూడుగా ఈకల్లా చీలి ఉంటాయి. వంకాయ కాయతొలుచు పురుగు తాలూకు రెక్కల పురుగు పొట్ట కొసను పైకి వంచి కూర్చుంటుంది. తెల్ల రెక్కల మీద గోధుమ, గులాబీ మచ్చలు, పైకి లేచిన తోక, ఇవి రెండూ కలిస్తే ఇంకేం చూడక్కర్లేదు.

తర్వాత మీసాలు. సీతాకోకచిలుక మీసం కొస అగ్గిపుల్ల తలలా ఉబ్బి ఉంటుంది. రెక్కల పురుగు మీసం దారంలా కొస దాకా సన్నబడుతుంది, లేదా ఈకలా, దువ్వెనలా ఉంటుంది. పగలు ఎగిరేది సీతాకోకచిలుక, రాత్రి ఎగిరేది రెక్కల పురుగు అని బడిలో చెబుతారు కానీ పగటిపూట పూల మీద తిరిగే రెక్కల పురుగులు మనకు చాలానే ఉన్నాయి. కందిరీగలా కనిపించే అమాటాలు, పూల ముందు గాల్లో నిలబడి తొండంతో తేనె తాగే మాక్రోగ్లాసమ్‌లు అలాంటివే. వాటిని పట్టించేది మీసమే.

ఈకలాంటి మీసం చూస్తే ఇంకో సంగతి కూడా తెలుస్తుంది, చాలావరకు అది మగది. ఆడది వదిలే వాసనను గాలిలో పసిగట్టడానికే మగదానికి అంత వెడల్పాటి మీసం. మన లింగాకర్షక బుట్టల్లో పడేవన్నీ మగవే కావడానికి కారణమూ ఇదే. మహదేవపూర్, చెన్నూరు అడవుల్లో మద్ది చెట్ల మీద పెంచే దసలి పట్టుపురుగు రెక్కల పురుగులో ఈ తేడా పిల్లలకు కూడా చూపించొచ్చు. మగది ఎర్రటి ఇటుక రంగు, పెద్ద ఈక మీసం. ఆడది పసుపో బూడిదో, సన్న మీసం, బరువైన పొట్ట. నాలుగు రెక్కల మీదా గాజుబిళ్లల్లా గుండ్రటి కళ్లు. రంగు చూసి ఇవి రెండు జాతులని వాదించినవారిని నేను చూశాను. గాజు కన్ను రెంటికీ ఒకటే కదా అని చూపిస్తే ఒప్పుకున్నారు.

ఆడా మగా తేల్చడానికి ఇంకో చోటు ఉంది, భూతద్దం కావాలి. ముందు రెక్క, వెనుక రెక్క గాల్లో కలిసి కదలాలి కాబట్టి చాలా జాతుల్లో వెనుక రెక్క మొదట్లో ఒక ముల్లు ఉండి ముందు రెక్క కిందనున్న కొక్కేనికి తగులుకుంటుంది. మగదానికి ఆ ముల్లు ఒక్కటే, బలంగా ఉంటుంది. ఆడదానికి రెండో అంతకు మించో సన్నని ముళ్లు ఉంటాయి. దసలి పట్టు కుటుంబానికి మాత్రం ఈ ముల్లే లేదు, వెనుక రెక్క వెడల్పాటి భుజమే ముందు రెక్కకు ఆనుకుని పని జరిపిస్తుంది. పది రెట్లు పెద్దగా చూపే చిన్న భూతద్దం ఒకటి కొనుక్కోండి. కెమెరా కన్నా ముందు అది అవసరం.

ఇక ముందు రెక్క మీది గుర్తులు. రంగును నమ్మొద్దు అన్నాను కానీ గీతలను, మచ్చలను నమ్మొచ్చు. రంగు మారినా వాటి చోటు మారదు. నాక్టుయిడ్ల ముందు రెక్క మీద మధ్య భాగంలో సాధారణంగా రెండు మచ్చలు వెతుకుతాను. లోపలి వైపు గుండ్రటిది, బయటి వైపు కిడ్నీ ఆకారంలోది. వాటికి అటొక గీత, ఇటొక గీత అడ్డంగా ఉంటాయి. ఈ నాలుగింటి చోటు, వంపు, దూరం రాసుకుంటే చాలు, పురుగు పాతబడి వెలిసిపోయినా పోల్చగలరు. శనగపచ్చ పురుగు రెక్కల పురుగు మగది పచ్చటి బూడిద ఛాయలో, ఆడది ఇటుక గోధుమలో ఉంటుంది. రెంటిలోనూ కిడ్నీ మచ్చ ఉంటుంది, వెనుక రెక్క పాలిపోయి అంచున వెడల్పాటి నల్లటి పట్టీ, ఆ పట్టీలో చిన్న లేత మచ్చ ఉంటాయి.

వరిలో అయితే గుర్తులు ఇంకా సులువు. కాండం తొలిచే పురుగు ఆడది పసుపు రంగు, ఒక్కో ముందు రెక్క మీద ఒక్కటే నల్ల చుక్క, పొట్ట కొసన పసుపు వెంట్రుకల కుచ్చు. గుడ్లు పెట్టి ఆ వెంట్రుకలతోనే కప్పుతుంది. మగది చిన్నది, వెలిసిపోయిన రంగు, చుక్కలు మసక. ఆకుముడత పురుగుది బంగారు పసుపు రెక్క, మీద నల్లటి అలల గీతలు, మధ్య గీత పొట్టిగా ఆగిపోతుంది. వేరుశనగలో తొలకరి వానలు పడగానే నేలలోంచి లేచే ఎర్రగొంగళి పురుగు రెక్కల పురుగులను అనంతపురం రైతులు దీపాల దగ్గర, మంటల దగ్గర కుప్పలుగా చూసే ఉంటారు. ముందు రెక్క పై అంచు వెంట పసుపు చార ఉంటే అమ్సాక్టా అల్బిస్ట్రైగా, ఆ చార ఎరుపైతే అమ్సాక్టా మూరీ. ఆ ఒక్క చారే రెండు జాతులను విడదీస్తుంది.

ఇంత చెప్పినా రెక్క చేతులెత్తేసే సందర్భాలు ఉన్నాయి, వాటిలో ఒకటి నాకు తగిలిన దెబ్బ. 2018 మే నెలలో కర్ణాటకలోని శివమొగ్గ దగ్గర మొక్కజొన్నలో కత్తెర పురుగును మన దేశంలో మొదటిసారి గుర్తించారు. ఆ ఏడాదే మన వైపూ వచ్చింది. ఒక రైతు దీపం దగ్గర పట్టిన రెక్కల పురుగులు నాలుగింటిని నాకు చూపించాడు. అన్నీ ఆడవి, మట్టి రంగు, తెల్లటి వెనుక రెక్కలు. లద్దె పురుగేలే అన్నాను. కత్తెర పురుగు మగదానికి ముందు రెక్క కొసన తెల్లటి మూడు మూలల మచ్చ, మధ్యలో ఏటవాలుగా గడ్డి రంగు మచ్చ ఉంటాయి. లద్దె పురుగుకు ముందు రెక్క నిండా తెల్లటి అల్లిబిల్లి గీతలు ఉంటాయి. కానీ కత్తెర పురుగు ఆడది ఏ గుర్తూ తేలకుండా మసకగా ఉంటుంది, ఈ రెండు పురుగులూ చేరే స్పోడోప్టెరా ప్రజాతిలో చాలావాటి వెనుక రెక్క ముత్యం తెలుపే కాబట్టి అక్కడా సాయం దొరకదు. నేను ఆ రోజు చేలోకి వెళ్లి మొవ్వు విప్పి గొంగళిని చూసి ఉంటే, తల మీద తిరగేసిన వై అక్షరం లాంటి తెల్ల గీత, తోక దగ్గర చతురస్రంగా నాలుగు నల్ల చుక్కలు ఒక్క నిమిషంలో చెప్పేవి. ఆ రైతుకు పది రోజులు నష్టం జరిగింది. అప్పటినుంచి రెక్క దగ్గర సందేహం వస్తే గొంగళిని చూడకుండా మాట ఇవ్వను.

కాబట్టి రెక్కతో పాటు ఆ పురుగు ఏ మొక్క మీద పెరిగిందన్నది కూడా గుర్తుల్లో ఒకటే. నందివర్ధనం, గన్నేరు ఆకులు తింటూ నీలం కన్ను గుర్తున్న లావుపాటి పచ్చ గొంగళి కనిపిస్తే, దాని నుంచి వచ్చేది డాఫ్నిస్ నేరీ, పచ్చ గులాబీ చలువరాయిలా ఉండే అందమైన పురుగు. దాన్ని పోలిన డాఫ్నిస్ హైపోథస్‌కు ముందు రెక్క కొసన చిన్న తెల్ల చుక్క ఉంటుంది.

చిన్న పురుగుల విషయంలో రెక్క మీది బొమ్మ కన్నా రెక్క ఆకారం, అంచు ముఖ్యం. ఇంట్లో వడ్ల బస్తా చుట్టూ ఎగిరే గోధుమ రంగు పురుగును తీసుకోండి. వెనుక రెక్క కొస వేలు చాపినట్టు సన్నగా పొడుచుకొచ్చి, అంచున రెక్క వెడల్పును మించిన వెంట్రుకల కుచ్చు ఉంటే అది సైటోట్రోగా. వెనుక రెక్క వెడల్పుగా మామూలుగా ఉండి, బియ్యం నూకలు గూడు కట్టి ఉండలుగా అంటుకుని ఉంటే అది కోర్సైరా. ఒకటి గింజ లోపల పెరుగుతుంది, ఇంకొకటి గింజల మధ్య గూడు అల్లి పెరుగుతుంది. క్యాబేజీ మీద వచ్చే ప్లుటెల్లా రెక్కలు ముడుచుకున్నప్పుడు వీపు మీద వరుసగా వజ్రాల ఆకారాలు తేలతాయి, రెక్కలు విప్పితే అవి మాయమవుతాయి. అందుకే వాలిన తీరులో ఫొటో కావాలనేది.

మొహం పక్కనుంచి చూడటం చాలామంది మరిచిపోతారు. మూతి ముందు ముక్కులా పొడుచుకొచ్చే భాగాలు ఉంటాయి. క్రాంబిడ్లలో చాలావాటికి అవి ముందుకు సూటిగా, జెలికిడ్లకు (పత్తి గులాబీ రంగు పురుగు ఇందులోదే) కొడవలిలా పైకి వంగి ఉంటాయి. తొండం ఉందో లేదో చూడండి. దసలి పట్టు కుటుంబంలో పెద్దయ్యాక తిండే లేదు, గొంగళిగా ఉన్నప్పుడు తిన్నదానితోనే ఆ కొద్ది రోజులూ బతుకుతాయి. మీ యూడోసిమా తొండం దానికి పూర్తిగా ఎదురు. కొసన గట్టిపడి, రంపపు పళ్లతో, బత్తాయి తొక్కను తొలిచేంత బలంగా ఉంటుంది.

ఈ గుర్తులన్నీ చూశాక కూడా కొన్ని తేలవు, అది మీ తప్పు కాదు. ప్రపంచంలో పేరు పెట్టిన రెక్కల పురుగులు దాదాపు 1,60,000. మన దేశంలోనే పది వేలకు పైగా. నీలగిరుల్లో తేయాకు తోటల పనికి వచ్చిన జార్జ్ హాంప్సన్ 1892 నుంచి 1896 దాకా నాలుగు సంపుటాలుగా ఈ దేశపు రెక్కల పురుగులను వర్ణించాడు. అందులో కుటుంబాలను విడదీయడానికి రంగును కాకుండా రెక్కలోని ఈనెలను ఆధారం చేసుకున్నాడు. ఆకు ఈనెల్లాగే రెక్క ఈనెలూ ఎక్కడ చీలాయి, ఎన్ని కొమ్మలయ్యాయి అన్నది వంశాన్ని చెబుతుంది. చనిపోయిన పురుగు రెక్క మీద ఒక చుక్క స్పిరిట్ వేస్తే అది ఆరేలోపు పొలుసుల కింద ఈనెలు కాసేపు కనిపిస్తాయి. ఒకసారి చేసి చూడండి, రెక్క అంటే ఏమిటో అర్థమవుతుంది. ఈనెలూ చాలకపోతే పొట్ట కొసలోని జననాంగాలను విడదీసి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయంలో పాల్ హెబర్ట్ బృందం 2003లో ప్రతిపాదించిన డీఎన్‌ఏ బార్‌కోడ్ పద్ధతి (డీఎన్‌ఏలో ఒక చిన్న ముక్కను చదివి జాతిని పోల్చడం) కూడా ఉంది. ఇవి ప్రయోగశాల పనులు. ఫొటో మీద ‘యూడోసిమా, జాతి తేలలేదు’ అని రాసి ఉంటే దానికి నేను ఎంతో విలువ ఇస్తాను. తప్పు జాతి పేరు రాసిన ఫొటో తర్వాత వచ్చే పదిమందిని తప్పుదారి పట్టిస్తుంది.

పేర్ల గురించి ఒక మాట, మీరు చదవబోయేటప్పుడు తికమక పడకుండా. పాత వ్యవసాయ కరపత్రాల్లో ఒథ్రీస్ మాటెర్నా, ఒథ్రీస్ ఫుల్లోనియా అని ఉంటుంది. ఒథ్రీస్ అన్నా యూడోసిమా అన్నా ఒకటే, ఫుల్లోనియా అన్నా ఫలోనియా అన్నా ఒకటే. మీ ఫోను చెప్పిన మూడు పేర్లలో రెండు ఇలాంటి పాత కొత్త పేర్లేమో సరిచూడండి.

ఇప్పుడు ఫొటో ఎలా తీయాలో. తెల్ల పంచె కట్టి, దాని ముందు బల్బు పెట్టండి. వెన్నెల లేని, గాలి తక్కువగా ఉన్న, ఉక్కపోతగా ఉన్న వానాకాలపు రాత్రి అన్నిటికన్నా మంచిది. తొలి వానలకు వచ్చే ఉసిళ్లు చెదపురుగుల రెక్కల రూపం, వాటిని ఇందులో కలపకండి. వేలితో తాకితే రెక్కల పురుగు రెక్క పొడి రాలుస్తుంది, ఆ పొడి పొలుసులే, ఉసిళ్ల రెక్కకు అది ఉండదు. మొదటి ఫొటో సరిగ్గా పైనుంచి, ఫోను రెక్కలకు సమాంతరంగా. రెండోది పక్కనుంచి, మొహం, మీసం, కాళ్లు కనబడేలా. పక్కనే ఒక స్కేలు పెట్టండి. ముందు రెక్క మొదలు నుంచి కొస దాకా ఎన్ని మిల్లీమీటర్లో రాయండి, రెక్కలు ఎంత చాపిందన్న దాన్ని బట్టి మారే కొలత కన్నా ఇది నమ్మకం. ఆ తర్వాత మెత్తటి గడ్డిపోచతో ముందు రెక్కను కొద్దిగా పక్కకు జరిపి వెనుక రెక్కను తీయండి. చాలావాటికి ఇంతమాత్రం ఓపిక ఉంటుంది. ఎగిరిపోయేలా ఉంటే చిన్న డబ్బాలో పెట్టి ఫ్రిజ్ కింది అరలో పది నిమిషాలు ఉంచితే మందగిస్తుంది, తర్వాత వదిలేస్తే మామూలుగా ఎగిరిపోతుంది. రెక్క పట్టి ఎత్తొద్దు, పొలుసులు రాలి గుర్తులు చెరిగిపోతాయి. తేదీ, ఊరు, దగ్గర్లో ఉన్న చెట్లు, ఇవి లేని ఫొటో సగం ఫొటోనే.

చివరగా మీ తోట. రెండో ఫొటోలోని దాసరి పురుగు రెక్కల పురుగు కూడా కాయ మీదే వాలి ఉంది కాబట్టి అదీ దోషే అని మీరు అనుకుని ఉండొచ్చు. యూడోసిమాలు గట్టి తొక్కను తామే తొలిచి రసం పీలుస్తాయి. అకియా జనాటా ఎక్కువగా అవి చేసిన చిల్లులోంచో, పగిలిన కాయ నుంచో తాగడానికి వచ్చేది. కాయ మీద ఉన్నవాటన్నిటినీ ఒకే గాటన కట్టకుండా, చీకటి పడ్డాక టార్చికి ఎర్ర కాగితం చుట్టి నిదానంగా చూడండి. తొండం కొత్త తొక్కలోకి దిగుతోందా, పాత చిల్లులో ఉందా అన్నది తెలుస్తుంది. జాతి పేరు తెలియడం వల్ల లాభం ఇక్కడే. యూడోసిమా గొంగళి బత్తాయి ఆకు తినదు. తిప్పతీగ, దూసరి తీగ తింటుంది. మీరు బత్తాయి చెట్ల మీద ఎన్ని మందులు కొట్టినా అది పెరిగే చోటు కంచె మీద, గట్ల మీద. తోట చుట్టూ ఉన్న ఆ తీగలు వెతకండి. ముదురు రంగు నున్నటి గొంగళి, పక్కల కళ్లలాంటి రెండు గుండ్రటి మచ్చలు, ముట్టుకుంటే తల కిందికి ముడిచే అలవాటు ఉంటే అదే. ఆ తీగలు తీసేయడం, రాలిన కాయలను రోజూ ఏరి పూడ్చడం, తక్కువ చెట్లయితే కాయలకు సంచులు కట్టడం, ఇవి ముందు చేయండి. మందు సంగతి మీ దగ్గరి వ్యవసాయ శాఖ వారిని లేదా ఉద్యాన శాస్త్రవేత్తలను అడిగి వాళ్లు చెప్పిన మోతాదులోనే వాడండి.

మొదటి ఫొటోలోని పురుగు మోటారు గది గోడ మీదే పగలంతా ఉంటోందని రాశారు కదా. రేపు పొద్దున వెలుతురు రాగానే గడ్డిపోచతో దాని ముందు రెక్క కాస్త జరిపి ఒక్క ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. గుండ్రటి చుక్క ఉందో, వంపు మచ్చ ఉందో చూసి ఆ పేరు కూడా చెబుతాను. కంచె మీద గొంగళి దొరికితే అది ఏ తీగ మీద ఉందో ఆ ఆకుతో కలిపి తీయండి.